యాప్‌లోనే చూడమని ఎందుకంత పట్టుబడతారు?

వాట్సాప్ గ్రూపులో ఎవరో ఇన్‌స్టాగ్రామ్ రీల్ లింక్ పంపుతారు. మీ ఫోన్లో ఆ యాప్ లేదనుకుందాం. లింక్ నొక్కితే క్రోమ్‌లో తెరుచుకుంటుంది, వీడియో మొదలవుతుంది, ఇంతలో సగం తెరను కప్పేస్తూ ఒక పెట్టె వస్తుంది: యాప్‌లో చూడండి. మూలనున్న ఇంటూ మార్కును వెతికి పట్టుకుని నొక్కితే పోతుంది. కాస్త కిందికి జరిపితే మళ్లీ ప్రత్యక్షం. ఫేస్‌బుక్‌లోనూ ఇదే తంతు, రెడ్డిట్‌లోనూ ఇదే తంతు.

వీడియో అదే, అది వచ్చే సర్వర్ అదే, చూసే మనిషీ అదే. ప్రకటనలు వేసుకోవాలంటే బ్రౌజర్‌లోనూ వేసుకోవచ్చు. మరి బ్రౌజర్‌లో చూస్తే కంపెనీకి పోయేదేమిటి?

ముందు డబ్బు సంగతి. 2024లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని అయిన మెటా మొత్తం ఆదాయం సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో 16,060 కోట్లు ప్రకటనల సొమ్మే. పత్రికలూ టీవీలూ బతికేది కూడా ప్రకటనల మీదే కదా అనొచ్చు. పత్రికలో నగల కొట్టు ప్రకటన వేస్తే పెళ్లీడు పిల్లలున్న ఇంటివాళ్లూ చూస్తారు, హాస్టల్ కుర్రాళ్లూ చూస్తారు. కొట్టువాడు మాత్రం అందరి లెక్కనా డబ్బు కట్టాలి. మెటా చెప్పేది ఏమిటంటే, ఎవరికి చూపిస్తే కొంటారో వాళ్లకే చూపిస్తానని. ఆ మాట నిలబెట్టుకోవాలంటే దానికి రెండు సంగతులు తెలియాలి: చూస్తున్నది ఎవరు, చూశాక ఏం చేశారు. ఈ రెండోది కష్టం. ప్రకటన కనబడేది ఫేస్‌బుక్‌లో, కొనేది ఇంకెక్కడో ఒక సైట్‌లో, వేరే యాప్‌లో, లేదా నేరుగా కొట్లో. ఈ రెండు కొసలనూ ముడివేయగలగడం మీదే వ్యాపారమంతా నడుస్తోంది. ఆ ముడి అన్నిటికంటే గట్టిగా పడేది ఫోన్లోని యాప్ దగ్గర.

ఫేస్‌బుక్‌కే ఈ విషయం మొదట్లో తట్టలేదు. 2012 మేలో షేర్ మార్కెట్‌కి వచ్చినప్పుడు, మొబైల్ మీద తమకు చెప్పుకోదగ్గ ఆదాయం లేదని కాగితాల్లోనే ఒప్పుకుంది. అప్పటి యాప్ లోపల వెబ్ పేజీలే, హెచ్‌టీఎంఎల్5తో కట్టినవి. నెమ్మదిగా ఈడ్చుకుంటూ నడిచేది. ఆ టెక్నాలజీ మీద అతిగా ఆశపెట్టుకోవడమే కంపెనీగా తాము చేసిన అతిపెద్ద తప్పని ఆ సెప్టెంబరులో మార్క్ జుకర్‌బర్గ్ వేదిక మీదే అన్నాడు. యాప్‌లను మొదటినుంచి తిరగరాయించారు. 2013 చివరి మూడు నెలలకల్లా ప్రకటనల ఆదాయంలో 53 శాతం మొబైల్ నుంచే వచ్చింది. ఇక ఆ తర్వాత వెనక్కి చూసింది లేదు. 2014లో ఫేస్‌బుక్ యాప్‌లోంచి చాటింగ్ తీసేసి, మాట్లాడుకోవాలంటే మెసెంజర్ పెట్టుకోమన్నారు. జనం ఒక్క స్టార్ రేటింగులిచ్చి తిట్టారు. తిడుతూనే పెట్టుకున్నారు. 2016లో మొబైల్ బ్రౌజర్‌లో మెసేజ్‌లు చూసుకునే దారి కూడా మూయడం మొదలుపెట్టారు. కంప్యూటర్లో మాత్రం ఆ దారి తెరిచే ఉంది. అంటే అడ్డం టెక్నాలజీ వైపు నుంచి వచ్చింది కాదన్నమాట.

బ్రౌజర్ మూడోవాడి సొత్తు. గూగుల్, ఆపిల్, మొజిల్లా లాంటివాళ్లు తయారుచేసింది. దాని నియమాలు వాళ్లు పెడతారు. మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులను కుకీలు అంటారు. సఫారీ, ఫైర్‌ఫాక్స్ వేరే సైట్ల కుకీలను అడ్డుకుంటాయి. యాడ్ బ్లాకర్ వేసుకోవచ్చు, ఇన్‌కాగ్నిటోలో తెరవచ్చు, ట్యాబ్ మూసేస్తే కథ ముగిసినట్టే. యాప్ అయితే వాళ్లు రాసిన ప్రోగ్రామ్, మన ఫోన్లో కాపురం. వెబ్‌సైట్‌కి వెళ్లడం అంటే కొట్టుకి వెళ్లి రావడం. యాప్ పెట్టుకోవడం అంటే కొట్టు మనిషికి ఇంట్లో ఒక గది ఇవ్వడం. ఇంకే గదుల తాళాలిచ్చామన్నదే పర్మిషన్ల సంగతి. లాగిన్ ఒక్కసారి చేస్తే నెలల తరబడి అలాగే ఉంటుంది. నోటిఫికేషన్ పంపి వాళ్లే మనల్ని పిలవగలరు. ఆండ్రాయిడ్ ప్రతి ఫోన్‌కీ ఇచ్చే అడ్వర్టైజింగ్ ఐడీ అనే నంబరును చదవగలరు. అదే నంబరును మీ ఫోన్లోని వేరే యాప్‌లు కూడా చదువుతాయి కాబట్టి, ఆటల యాప్‌లో ఉన్నదీ వార్తల యాప్‌లో ఉన్నదీ ఒకే మనిషని ఇట్టే తేలిపోతుంది.

ఆ వేరే యాప్‌లలోనూ ఫేస్‌బుక్ ముక్క ఒకటి ఉండొచ్చు. యాప్‌లు కట్టేవాళ్లు లాగిన్ బటన్, ప్రకటనల లెక్క వంటివి సొంతంగా రాసుకోరు. ఎస్‌డీకే అనే రెడీమేడ్ కోడ్‌ను తెచ్చి కలుపుకుంటారు. ఉచితంగా ఇచ్చే ఆ కోడ్ దాన్ని తయారుచేసినవాడికి కబుర్లు చేరవేస్తుంది. ప్రైవసీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2018 చివర్లో 34 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షిస్తే, 61 శాతం యాప్‌లు తెరిచిన మరుక్షణమే ఫేస్‌బుక్‌కి సమాచారం పంపాయి. మనిషికి ఫేస్‌బుక్ ఖాతా ఉందా లేదా అన్నదానితో కూడా వాటికి పని లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఎప్పటినుంచో తెలిసినవే. 2025 జూన్‌లో బయటపడ్డ వ్యవహారం మాత్రం యాప్ కోసం ఇంత పట్టు ఎందుకో కళ్లకు కట్టింది. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ, స్పెయిన్‌లోని ఇమ్‌డియా నెట్‌వర్క్స్, బెల్జియంలోని కేయూ లూవెన్ పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు. కాస్త నిదానంగా చూద్దాం.

మెటా పిక్సెల్ అని ఒక చిన్న కోడ్ ఉంది. షాపింగ్ సైట్లు, ట్రావెల్ సైట్లు, ఆసుపత్రుల సైట్లు, ఇలా లక్షల వెబ్‌సైట్లు దాన్ని తమ పేజీల్లో పెట్టుకున్నాయి. మీరు పేజీ తెరిస్తే, బుట్టలో వస్తువు వేస్తే, డబ్బు కడితే ఆ కబురు మెటాకి పోతుంది. చిక్కేమిటంటే, బ్రౌజర్‌లో మీరు ఫేస్‌బుక్‌కి లాగిన్ అయి ఉండకపోతే కొన్నది ఎవరో తెలియదు. ఎవరో ఒక మనిషి అని గుర్తుపెట్టుకోవడానికి ఒక కుకీ మాత్రం మిగులుతుంది. కుకీ చెరిపేస్తే ఆ గుర్తూ పోతుంది.

ఇప్పుడు ఫోన్ లోపలికి రండి. ఆండ్రాయిడ్‌లో ఇంటర్నెట్ వాడే ఏ యాప్ అయినా ఫోన్ లోపలే పోర్ట్ అనే, కబుర్లు అందుకునే కిటికీ లాంటిది ఒకటి తెరిచి, దాని దగ్గర చెవి పెట్టుకుని కూర్చోవచ్చు. అందుకు ప్రత్యేకంగా పర్మిషన్ అడగనక్కర్లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు అలా కొన్ని పోర్టులు తెరిచి బ్యాక్‌గ్రౌండ్‌లో కూర్చున్నాయి. అదే ఫోన్లో క్రోమ్‌లో ఏదైనా సైట్ తెరిస్తే, అందులోని పిక్సెల్ కోడ్ ఆ కుకీని సర్వర్‌కి పంపడంతో ఆగక, ఫోన్ లోపలి ఆ పోర్ట్‌కి కూడా అందించింది. పోర్ట్ దగ్గరున్న యాప్‌లో మీరు లాగిన్ అయ్యే ఉన్నారు. కుకీ ఎవరిదో తెలియదు గానీ యాప్ ఎవరిదో తెలుసు. రెండూ కలిపి కట్టి సర్వర్‌కి పంపితే పేరు లేని సందర్శకుడికి పేరొచ్చేసింది. కుకీలు చెరిపినా, ఇన్‌కాగ్నిటో వాడినా, బ్రౌజర్‌లో ఏ ఖాతాలోనూ లేకపోయినా లాభం లేకపోయింది, ఎందుకంటే ఆ జాగ్రత్తలన్నీ బ్రౌజర్‌కి సంబంధించినవి. బ్రౌజర్ గోడను యాప్ లోపలి వైపు నుంచే దాటింది.

మెటా ఈ పద్ధతిని 2024 సెప్టెంబరు నుంచి వాడుతోందని పరిశోధకులు తేల్చారు. రష్యాకు చెందిన యాండెక్స్ అయితే 2017 నుంచే ఇలాంటి పని చేస్తోంది. విషయం బయటపెట్టిన రోజే, అంటే జూన్ 3న, మెటా దాన్ని ఆపేసింది. గూగుల్ విధానాలను అర్థం చేసుకోవడంలో పొరపాటు జరిగి ఉండొచ్చు, వాళ్లతో మాట్లాడుతున్నాం అంది. ఇంత ఒడుపుగా కట్టిన ఏర్పాటు పొరపాటున జరిగిందంటే నమ్మడానికి నాకు మనసు రావడం లేదు.

ఇక పర్మిషన్ల తాళాలకొస్తే, ముందు చెప్పుకోవాల్సింది కాంటాక్ట్స్. యాప్ పెట్టగానే స్నేహితులను వెతికిపెడతాం, కాంటాక్ట్స్ చూడనివ్వండి అంటుంది. సరేనంటే వెళ్లేది మీ సమాచారం కంటే ఇతరులదే ఎక్కువ. ఆ యాప్ జోలికే పోని మీ పెద్దనాన్న నంబరు, పది మంది బంధువుల ఫోన్ల ద్వారా, పది పేర్లతో అక్కడికి చేరి ఉంటుంది. ఒకరు ఊ అంటే వందల మంది వివరాలు పోవడం ఎలా ఉంటుందో ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార సలహా సంస్థకు చేరిన వ్యవహారంలో మన దేశం లెక్కే చెబుతుంది. ఆ క్విజ్ యాప్‌ను భారత్‌లో వాడింది 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల ద్వారా వివరాలు పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ 2018లో చెప్పిన సంఖ్య 5,62,120.

కాంటాక్ట్స్ పర్మిషన్ అంటే ఏమిటో తెలుగునాట చాలామందికి తెలిసొచ్చింది మాత్రం సోషల్ మీడియా వల్ల కాదు. 2020 చివర్లో రుణ యాప్‌ల వాళ్లు బాకీ పడ్డవారి ఫోన్‌బుక్‌లోని చుట్టాలకూ ఆఫీసు వాళ్లకూ ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి పరువు తీశారు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2022లో రిజర్వ్ బ్యాంక్ నియమాలు తెచ్చింది, 2023లో గూగుల్ రుణ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు అందకుండా చేసింది. అదే పర్మిషన్ సోషల్ మీడియా యాప్ అడిగితే మనం ఇప్పటికీ ఆలోచించకుండా ఓకే నొక్కేస్తాం.

ఫోన్ నంబరు అన్నిటినీ కలిపే దారం. వాట్సాప్‌ను కొనేటప్పుడు, 2014లో, రెండు చోట్లా ఉన్న ఖాతాలను ఆటోమేటిక్‌గా నమ్మకంగా జతచేయడం తమకు సాధ్యం కాదని ఫేస్‌బుక్ యూరోపియన్ కమిషన్‌కి చెప్పింది. 2016లో ఆ పనే మొదలుపెట్టింది. తప్పుదోవ పట్టించినందుకు 2017లో కమిషన్ 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. ట్విటర్ ఇంకో అడుగు వేసింది. ఖాతా భద్రత కోసమంటూ తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడుకుంది. 2022లో అమెరికాలో 15 కోట్ల డాలర్లు కట్టింది.

ఇక్కడే చాలామంది అడిగే అనుమానం ఒకటుంది. మేం ఇంట్లో వాషింగ్ మెషిన్ గురించి మాట్లాడుకున్నాం, సాయంత్రానికల్లా ప్రకటన వచ్చింది, ఫోన్ వింటోందా అని. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు చెప్పారు. రహస్యంగా మైక్ ఆన్ చేసి మాటలు పంపుతున్న యాప్ వాళ్లకు దొరకలేదు. కొన్ని యాప్‌లు తెర మీద జరిగేదాన్ని మాత్రం వీడియోలాగా తీసి బయటికి పంపుతున్నట్టు కనిపెట్టారు. నిజానికి వినాల్సిన అవసరమే వాళ్లకు లేదు. ఇంట్లో ఎవరో ఒకరు వాషింగ్ మెషిన్ ధరలు వెతికే ఉంటారు, ఆ సైట్‌లో పిక్సెల్ ఉంటుంది. లేదంటే షోరూమ్ కౌంటర్లో బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్ అని అడిగి ఉంటారు. వ్యాపారులు తమ కస్టమర్ల నంబర్ల జాబితాను మెటాకి ఎక్కించే సదుపాయం ఉంది. నంబరును హ్యాష్ అనే గజిబిజి అక్షరాల కోడ్‌గా మార్చి పంపుతారు. మెటా తన దగ్గరున్న నంబర్లనూ అలాగే మార్చి రెండూ సరిపోల్చుకుంటుంది. జత కుదిరినవాళ్లకు ఆ షోరూమ్ ప్రకటనలు, వాళ్లను పోలిన మరికొన్ని లక్షల మందికి కూడా అవే ప్రకటనలు.

ఇదంతా మన చుట్టూ పోగుపడే సమాచారం. తెర మీద మనం స్వయంగా పుట్టించే సమాచారం వేరే. డిజైన్ పని అక్కడ మొదలవుతుంది.

డిజైన్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా వ్యసనం గురించి రాస్తారు. కింద అంతు లేకుండా పేజీ సాగిపోయే ఇన్ఫినిట్ స్క్రోల్‌ను 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్ కూడా తర్వాత అందుకు నొచ్చుకున్నాడు. అది నిజమే. అయితే నాకు అంతకంటే ఆసక్తిగా తోచేది, తెర ఒక కొలిచే పరికరంగా మారిన తీరు. పాత ఫేస్‌బుక్ ఫీడ్‌లో తెర మీద ఒకేసారి రెండు మూడు పోస్టులుండేవి. మీరు ఏది చదువుతున్నారో కంపెనీ ఊహించుకోవాల్సిందే, అందుకే లైక్ కొట్టించుకునేది. టిక్‌టాక్ తెరనిండా ఒక్కటే వీడియో పెట్టింది. ఇక ఊహతో పనిలేదు. ఎన్ని సెకన్లు చూశారు, ఎక్కడ తోసేశారు, మళ్లీ వెనక్కి తిప్పి చూశారా, ఇవన్నీ ఆ ఒక్క వీడియో ఖాతాలోకే పోతాయి. మీరు లైక్ కొట్టకపోయినా అభిప్రాయం చెప్పేసినట్టే. 2021లో పత్రికలకు చేరిన టిక్‌టాక్ లోపలి పత్రంలో ఫీడ్ సూత్రం స్థూలంగా ఉంది: ప్రతి వీడియోకూ మీరు లైక్ చేసే అవకాశమెంత, కామెంట్ పెట్టే అవకాశమెంత, ఎంతసేపు చూస్తారు అని అంచనా కట్టి, ఒక్కోదానికి ఒక్కో విలువ ఇచ్చి కూడతారు. మొత్తం ఎక్కువొచ్చినది ముందు కనబడుతుంది.

ఆ విలువలు ఎవరు నిర్ణయిస్తారన్నదే అసలు కీలకం. 2017లో ఫేస్‌బుక్ ఒక ఎమోజీ రియాక్షన్‌ను ఐదు లైకులతో సమానంగా లెక్కించేలా పెట్టింది. కోపం ఎమోజీ కూడా అందులోదే. ఒక పోస్టు చూసి మండిపడి ఎర్రమొహం నొక్కితే, ఐదుగురు మెచ్చుకున్నట్టు లెక్కవేసి మరింత మందికి చూపించింది. కోపం తెప్పించే పోస్టుల్లో అబద్ధాలు ఎక్కువుంటున్నాయని కంపెనీలో పనిచేసేవాళ్లే చెబుతూ వచ్చారు. 2020 సెప్టెంబరుకి గానీ దాని విలువ సున్నాకి దిగలేదు. ఆ మధ్య కాలమంతా మన ఎన్నికలూ, కులం గొడవలూ, సినిమా అభిమానుల యుద్ధాలూ కోపాన్ని లైక్ కంటే బరువుగా చూపే తూకంలోనే తూగాయి.

టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న మరో 58 యాప్‌లతో కలిపి నిషేధించింది. పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది, షేర్‌చాట్ వాళ్లు మోజ్ తెచ్చారు. కంపెనీ పోయింది గానీ తెరనిండా ఒక్క వీడియో అనే కొలత పద్ధతి పోలేదు. ఇప్పుడు యూట్యూబ్ షార్ట్స్‌లోనూ అదే.

బయటి లింక్ నొక్కితేనైనా వీళ్ల చేతిలోంచి బయటపడతామా అంటే అదీ లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ యాప్‌లు లింకులను తమ లోపలి బ్రౌజర్‌లోనే తెరుస్తాయి. ఫెలిక్స్ క్రౌజ్ అనే ప్రోగ్రామర్ 2022లో పరిశీలించి, మెటా యాప్‌లు అలా తెరిచిన పేజీల్లోకి తమ కోడ్ ఎక్కిస్తున్నాయనీ, టిక్‌టాక్ ఎక్కించిన కోడ్‌కైతే అక్కడ నొక్కే ప్రతి అక్షరాన్నీ గమనించే వీలుందనీ చూపించాడు. వీలు ఉన్నంత మాత్రాన వాడుతున్నట్టు కాదు, లోపాలు సరిచేసుకోవడానికే పెట్టుకున్నాం అని టిక్‌టాక్ జవాబు.

యాప్ దగ్గర పడే ఆ ముడి విలువ ఎంతో ఒక్కసారి లెక్క తేలింది. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఫోన్లలో ఒక ప్రశ్న పెట్టించింది: వేరే కంపెనీల యాప్‌లలోనూ సైట్లలోనూ ఈ యాప్ మిమ్మల్ని వెంబడించనివ్వాలా? చాలామంది వద్దన్నారు. దాని వల్ల 2022లో సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని మెటా స్వయంగా చెప్పింది. మిగతా కారణాలూ తోడై 2022 ఫిబ్రవరి 3న షేర్ ఒక్కరోజులో 26 శాతం పడింది. అమెరికాలో ఐఫోన్ వాడే మనవాళ్లకు ఈ ప్రశ్న అలవాటే. ఇక్కడ పదిలో తొమ్మిదికి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వి, వాటిలో ఇలా అడిగే ఏర్పాటు లేదు. మనమే వెతుక్కోవాలి: సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ. కొన్ని ఫోన్లలో ఫేస్‌బుక్ ముందే ఎక్కించి ఇస్తారు, తీసేయడం కుదరదు. డిజేబుల్ చేయడమైతే కుదురుతుంది. సామ్‌సంగ్ ఫోన్లో యాప్‌ల జాబితా పూర్తిగా తెరిస్తే ఫేస్‌బుక్ సర్వీసెస్, ఫేస్‌బుక్ యాప్ మేనేజర్ అని ఐకాన్ కూడా లేనివి కనబడతాయి, వాటినీ ఆపేయొచ్చు. అప్పుడప్పుడు చూసే సైట్‌ను, పెట్టె ఎన్నిసార్లు అడ్డొచ్చినా సరే, బ్రౌజర్‌లోనే చూడటం ఇంకో దారి. విసుగు తప్పదు. ఆ విసుగు పుట్టించడానికే కదా పెట్టె పెట్టింది.

చట్టం సంగతికొస్తే, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం రావడానికి మరో ఆరేళ్లు పట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును కోరినవారికి తెలుగులో కూడా ఇవ్వాలి. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. 18 ఏళ్లలోపు వాళ్ల ఖాతాకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, వాళ్ల ప్రవర్తనను గమనించకూడదు, దాన్నిబట్టి ప్రకటనలు చూపకూడదు.

అయితే ఎవరు 18 లోపువారో యాప్‌కి తెలిసేదెలా? పుట్టిన తేదీ అడిగితే పిల్లలు తోచిన సంవత్సరం కొట్టేస్తారు. గుర్తింపు పత్రాలు అడిగితే, ఫోన్ నంబరుకి తోడు ఇప్పుడు ధ్రువపడిన వయసూ కంపెనీ చేతికొస్తుంది. మూడో దారిని ఇన్‌స్టాగ్రామ్ 2025 ఏప్రిల్‌లో అమెరికాలో పరీక్షించడం మొదలుపెట్టింది: పెద్దవాళ్లమని చెప్పుకున్న పిల్లలను ఏఐతో పసిగట్టడం. అందుకు అది చూడాల్సింది ఖాతాదారుల నడవడికనే. ఆ మూడో దారిని మన చట్టం ఒప్పుకుంటుందా, ప్రవర్తనను గమనించడం కిందే లెక్కిస్తుందా అన్నది కొత్తగా వచ్చే డేటా పరిరక్షణ బోర్డు తేల్చాలి.